గీకిన చోటు

హైల్విఖ్ ఏం చెప్పినా ఉన్ని ఉతుకుతూనే చెప్పేది.
మెఖెలెన్ ఊరి కాలువ ఒడ్డున, ఆడవాళ్ళే ఉండే వాడలో,
మోచేతుల దాకా బూడిదనీళ్ళు,
పగిలిన వేళ్ళ సందుల్లో ఉన్ని జిడ్డు.
బెగీనులనేవాళ్ళు వాళ్ళని.
సన్యాసినులు కారు, ఇల్లాళ్ళూ కారు.
ఫాదర్ లాంబ్రెఖ్ట్ ముక్కాలిపీట మీద కూర్చుని అడిగేవారు,
నేను మైనపు పలక మీద ఎక్కించుకునేవాణ్ణి.
నాకప్పుడు పదిహేడేళ్ళు.
అక్షరాలు వచ్చు. దేవుడు రాడు.

"ఎలా ఉంటాడమ్మా ఆయన?"
"ఎలాగూ ఉండడు."
తడి ఉన్ని పిండి, మళ్ళీ ముంచి,
"మీరు దీపం పట్టుకుని ఇల్లంతా వెతుకుతారు.
నేను దీపం ఆర్పేశాను.
చీకటికి ఒళ్ళుంది ఫాదర్. వెచ్చగా ఉంది" అంది.
వారి చెయ్యి గడ్డం మీద ఆగిపోయింది.
నా ఘంటం కూడా.

ఇంకోనాడు, ఎవరూ అడక్కుండానే:
"మొదట్లో ప్రభూ అనేదాన్ని.
కొన్నాళ్ళకి పేరు పెట్టి పిలిచాను.
ఆనక ఒరే అన్నాను.
ఇప్పుడసలు పిలవను.
పక్కలో ఉన్నవాణ్ణి ఎవరైనా కేకేస్తారా?"
లాటిన్‌లో ఒరే లేదు.
దానికోసం నేనొక పూటంతా తల బద్దలుకొట్టుకున్నాను.

కాలువ అంచులు గడ్డకట్టిన ఉదయం
ఆమె చేతులు ఎర్రగా, పొగలు కక్కుతూ:
"ఉతికితే మురికి పోతుంది.
ఇంకా ఉతికితే రంగు పోతుంది.
ఇంకా ఉతికితే ఉన్నే పోతుంది.
అప్పటికీ చేతులు నీళ్ళలో కదుల్తూనే ఉంటాయి చూడు,
అదీ, నేను ప్రార్థన అనేది."

మూడు చలికాలాల్లో పదకొండు దూడతోలు రేకులు నిండాయి.
నాలుగో ఏడు పొరుగూళ్ళో ఒకామెని
ఆమె రాసిన కాగితాలతో సహా తగలబెట్టారని కబురొచ్చింది.
బిషప్పు గారి మనుషులు మావైపే వస్తున్నారట.

లాంబ్రెఖ్ట్ గారు ఆ రాత్రి భోంచెయ్యలేదు.
నెలవంకలాంటి కత్తి నా చేతిలో పెట్టి
"ఇది తీసెయ్. ఇదీ. ఇదిగో, ఇదీ" అన్నారు.
నేను అని ఉన్నచోట ఆత్మ,
వాడు అని ఉన్నచోట సర్వశక్తిమంతుడు,
చీకటి ఉన్నచోట వెలుగు.
గీకాను.
సిరా లేచింది, దాంతో తోలు నూగూ లేచింది,
ఆమె మాటలు సన్నటి దుమ్మై నా ముక్కులోకి పోయాయి.
తెల్లవార్లూ తుమ్ముతూనే ఉన్నాను.

వాళ్ళొచ్చారు. చదివారు.
బాగుందన్నారు, మా బీరు తాగి వెళ్ళారు.

ఆమెకి చదువు రాదు గదా,
తర్వాత ఒకరోజు వినిపించాను.
ఉతకడం ఆపి విన్నది, అదొక్కసారే.
"ఎవరావిడ?"
"నువ్వే."
"నాకన్నా భక్తురాలు" అని పకపకా నవ్వింది.

చేతులు పరికిణీకి తుడుచుకుని రేకు మీద వేళ్ళు పెట్టింది.
నున్నగా సాగిన వేళ్ళు
వెలుగు అన్న మాట దగ్గర తచ్చాడాయి.
అక్కడ గరుకు.
"ఇక్కడ ఉతికావా?"

తలూపాను. నోరు పెగల్లేదు.

"సగంలో ఆపేశావు" అంది.
బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

ఇది జరిగి యాభైరెండేళ్ళు.
పుస్తకం మఠంలో ఉంది, బంగారు పూత అట్టతో.
కుర్ర సన్యాసులు వెలుగు గురించి
గొంతు సవరించుకుని మరీ చదువుతారు.
సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే
కింద పాత గీతలు గోధుమరంగులో కదుల్తాయి.
నేనెవరికీ చూపించలేదు.
భయం అనుకోండి. కొంత అసూయ కూడా.

నా కళ్ళిప్పుడు పొరలు కమ్మాయి.
వేళ్ళతో పుట తడుముకుంటాను, గరుకు తగిలేదాకా.
అక్షరాలు ఒక్కొక్కటే పోతున్నాయి.
గొంతులో ఎక్కడో ఇంకా ఆ దుమ్ము.