హా దగ్గర తెగిన టేపు

ఎనభై తొమ్మిదిలో
డ్రైడాకు కొచ్చిన ఓడ వంటవాడు
రెండు కిలోల ఎండు నెత్తళ్లకి మారుగా
ఎల్లాజీ చేతిలో పెట్టిన క్యాసెట్టు ఇది.
అట్ట మీద జర్మను అక్షరాలు,
కొన్నిటి నెత్తిన రెండేసి చుక్కలు
పలకకి దిగ్గొట్టిన మేకుల్లా.
నాకు ఆ భాష రాదు. వాడికి ఏ చదువూ రాదు.
కంచరపాలెం మెట్టు కింద నా రిపేరు కొట్లో
పైమూత లేని టేపురికార్డరులో వేశాం.

మొదటిది.
అది పాటేనని ఒప్పుకోడానికి నెల పట్టింది.
పక్క టీకొట్టు నూకాలమ్మ పరిగెత్తుకొచ్చి
"ఏటి, మోటారు గాని కాలిపోనాదా?" అంది.
ఎల్లాజీ కదల్లేదు.
పొద్దుట్నుంచీ ఓడ అడుగున తుప్పు గొడుతూ
వాడు వినేదీ ఇదేనట.
"కాపోతే ఈడెవడో లెక్క ప్రెకారం కొడతన్నాడు."

రెండోది పరుగు.
కిరండోలు నుంచి ఇనుపరాయి మోసుకుని
ఘాటు దిగే గూడ్సుకి
బ్రేకు పడకపోతే ఎలా ఉంటుందో అలా.
అరకు సొరంగాల్లో ఒకసారి తల బయటపెట్టాను.
చీకటి వెలుగు చీకటి వెలుగు.
ఆ డ్రమ్ములవాడూ పెట్టుంటాడు ఎక్కడో.

మూడు బాగోదు.
ముప్పై నాలుగేళ్లుగా బాగోదు.
ముందుకి తిప్పితే రీలు నలుగుతుందని
ప్రతిసారీ వింటాం.
ఇంట్లో తిష్ఠ వేసిన చుట్టంలా అయిపోయింది.

నాలుగులో గిటారు ఒక్కటే, నెమ్మదిగా,
పాతూరు డాబాల మీద ఆరేసిన తెల్లబట్టల మీదికి
పోర్టు నుంచి ఎర్రధూళి దిగినట్టు.
దిగడం ఎవరూ చూడరు.
సాయంత్రం మడతపెడుతుంటే తెలుస్తుంది.
నా పెళ్లి చొక్కా ఇప్పటికీ ఆ రంగే.
ఈ పాట వచ్చేసరికి సోల్డరింగు ఆపేస్తాను.

క్యాసెట్టు తిప్పాలి.

ఐదు అంటే నాకు
హుద్‌హుద్ వెళ్లిన మూడో రాత్రి.
కరెంటు లేదు, కొండకి చెట్టు లేదు, కొట్టుకి రేకు లేదు.
స్కూటరు బ్యాటరీకి తగిలించి పెట్టాను.
ఇన్నాళ్లూ కోపమనుకున్న ఆ అరుపులో
ఎవడో కూచుని లెక్కేసుకుంటున్నాడు,
ఏం పోయింది, ఏం మిగిలింది అని.
వీధివాళ్లొచ్చి చీకట్లో కూచున్నారు.
ఎవరూ ఆపమనలేదు, నూకాలమ్మ కూడా.

ఆరు పూర్తవకుండానే ఏడు మొదలవుతుంది,
ఏది ఎక్కడ ఆగిందో నాకు ఇప్పటికీ అయోమయం.
ఎల్లాజీకి లేదు.
వాడి చెవులు సుత్తి తినేసింది.
కంపెనీ డాక్టరు కాగితం మీద గీత గీసి చూపించాడు,
అచ్చం డాల్ఫిన్ నోసు కొండ,
కొంతదూరం బాగానే నడిచి
చివర్న సముద్రంలోకి దిగిపోయింది.
ఇప్పుడు వాడు స్పీకరు అట్టకి అరచెయ్యి ఆనిస్తాడు.
కళ్లు మూసి "ఏడు" అంటాడు.
ఏడే.
"ఇక్కడ బేసుగాడు తప్పేడు" అంటాడు.
రెండు చెవులూ పెట్టుకుని ఇన్నేళ్లు విన్నాను,
నాకు తెలీదు.

ఎనిమిది. టేపు అయిపోతుంది, పాట అవదు.
గొంతు "హా" అని పైకి లేస్తుంది,
టక్.
పొట్టి క్యాసెట్టులోకి ఎక్కించుకున్నాడు మరి, పాపం వంటవాడు.
ఆ హా తర్వాత ఏముందని మా తగువు.
హార్బరు అని నేను.
సుత్తిని వాళ్లు హామరంటారట, అదేనని వాడు.
పందెం, ఫుల్ ప్లేటు కోనాం వేపుడు.

మొన్న మా మేనల్లుడు భానోజీ
ఆల్బమంతా ఫోనులో పట్టాడు,
నా చెవుల్లో తీగలు పెట్టాడు.
టక్ లేదు.
హా దాటి ఇంకా నిమిషంన్నర ఉంది పాట.
హార్బరు కాదు.
సుత్తీ కాదు.

ఎల్లాజీ నా మొహమే చూస్తున్నాడు,
అరచెయ్యి గాల్లో ఉంది,
అంత చిన్న ఫోను మీద ఎక్కడ ఆనించాలో తెలీక.
"ఏటన్నాడు?"

పిడికిలి బిగించి
గాల్లో రెండు దెబ్బలు కొట్టి చూపించాను.

జాలరిపేట హోటల్లో
కోనాం ముక్కలోంచి ముల్లు లాగుతూ
"నాను సెప్పలేదేటి!" అన్నాడు,
వంటగదిలోవాళ్లు కూడా తొంగి చూసేంత గట్టిగా.