ఇరవై రెండు మెట్లు

నేలమాళిగలో మూడో తలుపు.
దానికి బోర్డు లేదు,
వాసనే బోర్డు.

ఒటీలియా ముక్కు మూసుకోదు.
ముప్పై ఒక్కేళ్ళుగా పోర్తో బస్సుల్లో
తన పక్క సీటులో ఎవరూ కూర్చోలేదట.
"రాణిగారిలా వెళ్తాను ఇంటికి" అంటుంది.

గాజు తొట్టెలో పురుగులు,
మినపగింజలకు కాళ్ళొచ్చినట్టు.
ఈ వారం వాటికి డాల్ఫిన్ తల.
వలతాడు మెడకు బిగిసి
ఒడ్డుకు కొట్టుకొచ్చింది.
తాడు తినవు అవి.
కండ తింటాయి, నరం తింటాయి,
కంటిగుంటలో దూరి
గది ఊడ్చినట్టు ఊడ్చి వస్తాయి.

చెవి పెట్టి విను, అంది నా మొదటి రోజున.
విన్నాను.
గోడ అవతల ఎవరో
కాగిన నూనెలో వెల్లుల్లి వేసినట్టు
సన్నటి చిటపట.

పై అంతస్తులో ఇదే పురుగు దొంగ.
అక్కడ సొరుగుల్లో నూట పదేళ్ళ పాలపిట్టలు
వెల్లకిలా పడుకుని ఉంటాయి,
కళ్ళలో దూది, కాలికి చీటీ.
ఒక్క పురుగు కనబడితే చాలు,
గదికి తాళం, సొరుగులన్నీ ఫ్రీజర్లోకి,
డైరెక్టరు గారికి జాగారం.
కింద ఉద్యోగి, పైన నేరస్థుడు.
మధ్యన ఇరవై రెండు మెట్లే.

అందుకే ఒటీలియా పైకి వెళ్ళదు.
జేబు మడతలో ఒక్క గుడ్డు దాగినా
వందేళ్ళ ఈకలు పొడి.
తను శుభ్రం చేసి పంపిన ఎముకలు
అద్దాల వెనక ఎలా నిలబడ్డాయో
తను చూసింది పోస్టుకార్డుల మీదే.

రిటైరయిన మర్నాడు వచ్చింది,
రెండుసార్లు తలంటుకుని,
పెట్టె విప్పని బూట్లు తొడుక్కుని,
టికెట్టు కొనుక్కుని.
తోడేలు ముందు ఆగింది.
"ఎడమ పక్కన నాలుగో ఎముక చూడు,
విరిగి అతుక్కుంది.
ఇది కుంటుతూ చాలా కాలమే బతికింది."
చీటీ మీద ఆ మాట లేదు.
కాల్చినవాడి పేరుంది,
ఇచ్చినవాడి పేరుంది.

పక్కన బడిపిల్లాడు
అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు.
వాసనేమైనా వస్తోందా బాబూ, అని అడిగింది.
లేదన్నాడు వాడు.
"రాదు మరి.
దాన్ని నేను ఇంటికి తీసుకెళ్ళిపోయాను."

నేను కిందికి దిగాను.
డాల్ఫిన్ దవడల్లో పంటి గుంటలు తొంభై ఆరు.
ట్రేలో పళ్ళు తొంభై అయిదు.
పురుగుల్ని కుంచెతో పక్కకు జరుపుతూ
వెతుకుతున్నాను.