రెండో పీరియడు, మట్టి

సొహార్ బడిలో మట్టి పాఠం చెప్పాలంటే
ముందు మట్టి దొరకాలి.
ప్రహరీ వారన తవ్వాను:
దోసెడు ఇసుక, రెండు గవ్వ ముక్కలు,
ఎవరో పారేసిన సిమ్ కార్డు.

గాజు సీసాలో పోసి, నీళ్లు పోసి, కుదిపాం.
ముందు ఇసుక, దాని మీద ఒండ్రు, ఆఖరున బంకమన్ను,
రాత్రంతా ఆగి చూడండని పుస్తకంలో ఉంది.
మేం నలభై లెక్కపెట్టేలోగా
పాఠం మొత్తం అడుగుకి పడిపోయింది.
"అంతేనా టీచర్?" అన్నాడు జోయెల్.
అంతే.
గంట కొట్టడానికి ఇంకా ముప్పై నిమిషాలుంది.

పేజీ తిప్పితే వానపాము.
ఇక్కడ వానొస్తే వాది పొంగుతుందని
బడి మూసేస్తారు.
ఈ పిల్లలకి వాన అంటే
సెలవని ఫోనులో వచ్చే మెసేజీ.
"అయితే అది సెలవుపాము" అంది రిదా.
నేనూ నవ్వాను.
బోర్డు మీద దాని బొమ్మ గీస్తే
చెప్పుల తాడులా వచ్చింది.

రౌండబౌట్ దగ్గర పూలకి నీళ్లు పట్టే
నడ్పి సాయన్నని అడిగాను.
మెట్‌పల్లి వైపు మనిషి,
పొద్దున రోడ్డు పూలు, మాపటికి సహమ్‌లో ఒకరి తోట.
"ఎర్రలా మేడం? పెంటకుప్ప కింద మస్తుంటయ్."

బుధవారం తెచ్చాడు,
లబన్ బకెట్లో, తడి గోనెపట్టా కప్పి,
చంటిదాన్ని ఎండలో మోసుకొచ్చినట్టు.
గుమ్మం బయట బూట్లు విప్పాడు.
వద్దన్నా విప్పాడు.

ముప్పై రెండు తలలు బకెట్ మీదికి వంగాయి.
"చేతులు కడుక్కొని ముట్టుర్రి.
చెమట గూడ ఉప్పే. దానికి మంట."
అది చర్మంతో ఊపిరి పీలుస్తుందని
నిన్న నేను డిక్టేషన్ చెప్పాను,
రెండు మార్కుల ప్రశ్న.
ఈ మాట మాత్రం నాకు తట్టలేదు.
పిల్లలు కుళాయికి పరిగెత్తారు.
సాయన్న తన అరచేతులు చూసుకుని
మరోసారి కడుక్కొచ్చాడు.

తోట సంగతి అడిగితే చెప్పాడు:
బావి ఏటేటా ఉప్పగవుతోందట,
సముద్రం భూమి కిందికెల్లి నడిచొస్తోందట.
నిమ్మచెట్లు ముందు పోయాయి,
ఖర్జూరాలు ఇంకా ఓర్చుకుంటున్నాయి.
"ఎలా తెలుస్తుంది అంకుల్? మీటర్ ఉందా?"
సాయన్న నాలుక బయటపెట్టి చూపించాడు.
క్లాసంతా ఘొల్లుమంది.
నా సంచిలో ఉన్న మీటర్
నేను బయటికి తియ్యలేదు.

జోయెల్ ఊరుకోడు కదా.
"రెండు ముక్కలు చేస్తే రెండు పాములవుతాయట!"
కాదురా, అన్నాను.
తల ఉన్న వైపు బతికితే బతకొచ్చు.
రెండోది కాసేపు కదులుతుంది. అంతే.

గుమ్మంలో నించున్న సాయన్న
గోనెపట్టా పిండడం ఆపాడు.
"గట్లనా మేడం?
ఇన్నేండ్లు రెండయితదనే అనుకున్న."
ఆ నీళ్లు బకెట్లోకి పడేదాకా ఆగి,
బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు.
మున్సిపాలిటీ బండి అప్పటికే రెండుసార్లు హారన్ కొట్టింది.

పాత అక్వేరియంలో ప్రహరీ ఇసుక పోశాం,
ఆయన తెచ్చిన పెంట కొంచెం కలిపాం,
అరటి తొక్కలు, రద్దయిన పరీక్ష కాగితాలు చింపి వేశాం.
కాగితాలు వెయ్యడానికి అందరూ ముందుకొచ్చారు.
చుట్టూ నల్లగుడ్డ కట్టాం.
ఏసీ కింద వద్దని రిదా,
ఏసీ కిందే పెట్టాలని మిగతావాళ్లు.
తాగే నీళ్లలో వంతులేసుకుని పోశారు.

శుక్ర, శని సెలవు.
ఆదివారం పొద్దున వాసన.
గోడకంటుకుని నాలుగు ఎండిపోయి ఉన్నాయి,
ఆ బోర్డు మీది నా బొమ్మలా.
నేను చూడకుండా తీసేద్దామనుకున్నాను,
పిల్లలు నాకంటే ముందొచ్చారు.
ఎవరూ మాట్లాడలేదు. ఒకరెవరో ఇవి కూడా లెక్కలోకి వస్తాయా అన్నారు.
వస్తాయి, అన్నాను.

నవంబరు గడిచింది. డిసెంబరు గడిచింది.
జనవరిలో నల్లగుడ్డ విప్పితే
ఇసుక మీద చిన్న చిన్న కుప్పలు,
ఆవాలు పోగేసినట్టు, నల్లగా, తడిగా.
రిదా ఒకటి వేలితో నొక్కింది.
అది రాలలేదు. వేలికి అంటుకుంది.

సీసా కడిగాం. ఆ మట్టి వేశాం. నీళ్లు. కుదిపాం.
నలభై దాటింది.
వంద దాటింది.
నీళ్లు ఇంకా మసకగానే ఉన్నాయి.
జోయెల్ మూడు వందల పన్నెండు దగ్గర
లెక్క మరిచిపోయాడు.