కింది రంగు

అస్మరాలో ఎండ చల్లగా ఉంటుంది.
దొంగకు తొందరేముంది?
కొండమీది ఊరు కదా, ఆకాశం చెయ్యి చాపితే అందుతుంది,
ఏడాదికి ఇంతని రంగు పట్టుకుపోతుంది.

లెతెబ్రహాన్ పిన్ని ఫియట్ సీచెంతో
ఒకప్పుడు ఎరుపట.
నేనెరిగిన నాటికే వెలిసిన గులాబి,
వేలితో రాస్తే సుద్ద.
"కొన్నప్పటి రంగే, షోరూం ఎరుపు"
అంటుంది పిన్ని, ఎవరు అడిగినా, అడక్కపోయినా.

మంత్రసానిగా అర్ధరాత్రులు అందులోనే తిరిగింది.
ఎందరికి పురుడు పోశావంటే లెక్క చెప్పదు,
"అందరూ నాకంటే పొడుగయ్యారులే" అంటుంది.

శనివారం పొద్దున్న
నేనూ ఒగ్బాయీ కలిసి వాకిట్లోకి తోశాం.
ఇంజను సంగతి దేవుడెరుగు,
ముందు మొహం కడుగుదాం అన్నాడు వాడు.
రెండు బకెట్ల నీళ్లు, బట్టల సబ్బు,
చిరిగిన బనీన్లు నాలుగు,
మెదెబెర్ సంతలో కొన్న పేరులేని డబ్బా.
అమ్మినవాడు ఆ ముద్దను
తన బొటనవేలి గోటిమీదే రుద్ది చూపించాడు,
గోరు గాజుపెంకులా మెరిసింది.

ముందు మూత మీద నిలువుగా కాగితం టేపు అతికించి
ఇవతల మాత్రం రుద్దాను.
గుండ్రంగా, మళ్లీ గుండ్రంగా,
పిండి కలుపుతున్నట్టు, పిల్లి వీపు నిమురుతున్నట్టు.
టేపు లాగేసరికి
ఒక పక్క పాత గోడ,
ఒక పక్క అప్పుడే కోసిన పండుమిరప.
ఒగ్బాయ్ ఈల వేశాడు.

గుడ్డలు నీళ్లలో జాడించి తాడు మీద వేస్తే
ఎదురింటి జిఘే గారి కేక:
"కారం ఒలకబోశారా! దాని ధర తెలుసా మీకు?"

ఒలికింది కారే.
మెరుపంతా బనీనుకు అంటిన ఈ ఎరుపు ఖరీదే.
కొత్తగా నేను వేసిందేమీ లేదు,
ఉన్నదాన్ని అరగదీస్తున్నాను,
చచ్చిన పొరను తీసి బతికిన పొర దగ్గరికి.
ఎంత మందం మిగిలిందో
చెప్పే తూనిక నా అరచేతిలో లేదు.

తలుపు మీద గరుగ్గా ఏదో తగిలింది.
వంగి చూస్తే
రంగులో చిక్కుకున్న బ్రష్షు వెంట్రుక.
షోరూం వాళ్లు బ్రష్షుతో వేస్తారా?
ఆ ఆలోచనలో పడి
అంచు దగ్గర చెయ్యి కాస్త ఎక్కువ నొక్కాను.

గోరంత నీలం.

మళ్లీ తుడిచాను.
నీలమే.

పిన్ని రెండో విడత కాఫీ తెచ్చింది.
కళ్లజోడు పెట్టుకోలేదు, వంగలేదు.
"తల కనిపించిందన్నమాట" అంది.

"ఒక్క రాత్రి" అంది ఇంకాసేపటికి,
"కిటికీలకు దుప్పట్లు కట్టి,
సున్నం వేసే బ్రష్షుతో.
తెల్లారితే చెక్‌పోస్టులో
నీలం కారు కోసం చూస్తారని కబురొచ్చింది.
ఎరుపు దొరికింది, ఎరుపు వేశాను.
పచ్చది దొరికుంటే అదే షోరూం పచ్చ."

కార్లో ఎవరు పిన్నీ?

"నొప్పులు పడుతున్న పిల్ల. పేరడగలేదు.
రంగు ఆరలేదు ఇంకా,
దుమ్ము అంటుతుందని నా బెంగ,
దాని బెంగ దానిది."

తర్వాత?

"కాఫీ చల్లారిపోతోంది."

ఒగ్బాయ్ గొంతు సవరించుకుని
తన దగ్గర ఎర్రరంగు కాస్త ఉందనీ,
అగ్గిపుల్లతో అద్దితే కనబడదనీ అన్నాడు.
పిన్ని వాడివంక చూసిన చూపుకు
వాడు వెళ్లి చక్రాలు కడగడం మొదలుపెట్టాడు.

మూడో విడత కాఫీని మావాళ్లు బెరెకా అంటారు, దీవెన.
అది తాగాక పిన్నే మైనం డబ్బా మూత తీసింది.
బొటనవేలితో ఇంత తీసుకుని
ఆ నీలం మీద రాసింది,
అప్పుడే పుట్టినవాళ్ల నుదురు తుడిచే ఒడుపుతో,
ఒక్కసారే.

సాయంత్రానికి తలుపులు రెండూ, ముందు మూతా అయ్యాయి.
పైకప్పు ఇంకా గులాబీగానే ఉంది.
నా భుజం లేవడం లేదు.
బ్రష్షు వెంట్రుక ఉన్నచోటే ఉంది.

వీధిలో ఎవరో ఆగి అడిగారు,
"కొత్తగా వేయించారా?"

"కొన్నప్పటి రంగే" అంది పిన్ని.