చెవిన పెట్టిన తల

ఫిబ్రవరి. లోఫోటెన్ రేవులో
మూడున్నరకే దీపాలు వెలిగేవి.
బడి వదిలాక మా పని కాడ్ చేపల నాలుకలు కోయడం:
ఇనుప మేకుకి తల గుచ్చడం, ఒక్క కోత,
బకెట్లో టప్‌మని నాలుక.
కిలోకింతని డబ్బు.
నేను సైకిల్ కోసం కోసేవాణ్ణి.
సిన్నోవె ఎందుకు కోసేదో ఆమెకే తెలీదు.

ఓ సాయంత్రం మేకు జారి తల చిట్లింది.
మెదడు పక్క గూట్లోంచి చిక్కుడు గింజంత తెల్లరాయి
ఆమె చేతితొడుగు మీద పడింది.
అలాంటివి రోజూ తొక్కుతూ తిరిగేవాళ్ళమే,
పొలుసుల్లో, మంచుపెళ్ళల్లో, బూటు కింద కరకరమంటుంటే.

తను దాన్ని పుటుక్కున విరిచి దీపానికి అడ్డంపెట్టింది.
"ఒరేయ్ ఐవిన్, ఇందులో గీతలున్నాయి."
"ఉంటే?"
"లెక్కపెట్టు."
"నువ్వే పెట్టుకో. నా బకెట్ సగం కూడా నిండలేదు."

ఎనిమిది. నాలుగోది మాత్రం దారప్పోగంత సన్నం.
ఇంకో తల పగలగొట్టింది.
ఆరు. అందులో సన్నది రెండోది.
అంచు నుంచి లెక్కేస్తే రెండింట్లోనూ ఐదోదే.
మూడోది పిల్ల చేప. గీతలు నాలుగే,
సన్నది లేనే లేదు.

వాళ్ళ నాయనమ్మ టూర్‌బ్యోర్
వల అల్లుతున్న చెయ్యి ఆపి అందట:
"ఐదేళ్ళ కిందటా?
ఆ ఏడు చిన్న చేపల మంద రాలేదు.
కొండ మీద పక్షిపిల్లలు గూళ్ళలోనే ఎండిపోయాయి.
మీ తాత పడవ అమ్మేశాడు."

ఆ రాత్రి సిన్నోవె నిద్రపోలేదు.
నేను పోయాను.
ఏప్రిల్లో నాకు సైకిలొచ్చింది.

ఆ గీతల సంగతి
పుస్తకాల్లో ఎప్పుడో ఉందని టీచరు చెప్పినప్పుడు
వారం రోజులు ఏడ్చింది.
ఎనిమిదో రోజు కళ్ళు తుడుచుకుని,
"మరి నడిమధ్య ఈ మసక చుక్క ఏమిటి?" అంది.
అది పుస్తకంలో లేదు.

ఇప్పుడు బెర్గెన్‌లో ఆమె బీరువా సొరుగుల్లో
నలభై వేల రాళ్ళు.
ఆ చుక్క ఇంకా పూర్తిగా తేలలేదట.
ఫోన్లో ఆ మాట
పండగ కబురులా చెబుతుంది.

నా సైకిల్ తుప్పుపట్టి చాలా కాలమైంది.
పులుసుకి తల కొట్టేటప్పుడు
నా బొటనవేలు దానంతటదే ఆ గూటిని వెతుకుతుంది.
చెప్పిన మాట చెవిన పెట్టవురా అని
అమ్మ ఊరికే తిట్టలేదు.
సముద్రం చెప్పిందల్లా చెవిన పెట్టుకున్న తలకి
నాలుక మాత్రం కోసుకుని
మిగతాది విసిరేసినవాణ్ణి.