ముప్పై కిలోల హద్దు

ఫర్వానియాలో మా నాన్న కార్గో దుకాణం
రెండు మెట్లు కిందికి దిగితేగానీ కనబడదు.
అక్కడ అట్టపెట్టెకి ముప్పై కిలోలు హద్దు.
దాటితే ఎవరో ఒకరు నేలమీద కూర్చుని
పాలపొడి డబ్బానో, బిడ్డ బూట్లనో
మళ్ళీ బయటికి తీయాల్సిందే.
తీసేటప్పుడు వాళ్ళ ముఖం వైపు చూడకూడదని
నాన్న నాకు చిన్నప్పుడే చెప్పాడు.

అందుకే థంపి సార్ బోర్డు మీద
అట్ట, టేపు, ఇద్దరు మనుషులు, ఇరవై ఐదు మీటర్ల నీళ్ళు
అని రాసి
"బరువు సంగతి ముందు చూడండి" అన్నప్పుడు
మా జట్టు ముగ్గురూ నావైపే తిరిగారు.

గురువారం రాత్రి, షట్టర్ సగం దించి
ఒక్కొక్కరినీ కాటా ఎక్కించాను.
జెస్విన్ అరవై ఒకటి. బూట్లు విప్పాడు, బెల్టు తీశాడు,
ఊపిరి బిగబట్టాడు. అరవై ఒకటే.
ఇళవేనిల్ నలభై ఒకటి.
ఫర్హానా కళ్ళు గట్టిగా మూసుకుని
"చదవకు, రాసుకో" అంది. రాసుకున్నాను.
ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.
నేను యాభై రెండు.
కాటాకి మొహమాటం తెలీదు.

ఖాజాపీర్ మామది రాయచోటి పక్క పల్లె.
పద్నాలుగేళ్ళుగా టేపు లాగుతున్న చేతులు.
మేం గీసిన పడవ బొమ్మ చూసి నవ్వలేదు.
"అట్టకు నోరుంటాది పాపా.
కోసిన అంచే దాని నోరు. ఎప్పుడూ దప్పికే దానికి.
ముందు నోరు మూయాల, ఒళ్ళు సంగతి తర్వాత."
ఫ్రిజ్ పెట్టె అడుగుకి ఇచ్చాడు,
వాషింగ్ మిషన్‌ది పక్కలకి.
ఒక ముక్క మీద ఎవరిదో మార్కరు రాత:
వీరబల్లి మండలం, ఆ కింద
"గాజు సామాను, మెల్లగా".
ఆ వైపు లోపలికి తిప్పేద్దామన్నాడు జెస్విన్.
నేను వద్దన్నాను. ఎందుకో అడగలేదు వాడు.

పొడవు, వెడల్పు, మునిగే లోతు
మూడుసార్లు హెచ్చవేశాను.
మా పడవ మోసేది తొంభై. అంటే మూడు పెట్టెలు.
ఇళవేనిల్, నేను కలిస్తే తొంభై మూడు.
ఫర్హానా ఎక్కితే సరిపోతుంది.
కాగితం బల్లమీద పెట్టాను.
జెస్విన్ టేపు చుట్ట వంక చూశాడు.
ఇళవేనిల్ గోళ్ళు చూసుకుంది.
నా ముఖం వైపు ఎవ్వరూ చూడలేదు.
వాళ్ళకి ఎవరు నేర్పారో!

సాల్మియా క్లబ్బు ఈతకొలను, శనివారం, పద్దెనిమిది పడవలు.
డేగ బొమ్మ వేసిన వెండిరంగు పడవ
ఈల ఊదకముందే నానిన అప్పడమైంది.
మాది గోధుమరంగు, ఊరి పేరు ఒంటిమీద,
రెండు అట్ట తెడ్లు ఒకదానికొకటి తగులుకుంటూ
వంకరగా, మొండిగా, ముందుకే.
గట్టు వెంట నేను పరిగెత్తాను.
పదిహేను. పద్దెనిమిది. ఇరవై.
ఫర్హానా నవ్వుతోంది, లేదా అరుస్తోంది,
దూరం నుంచి రెండూ ఒకలాగే ఉన్నాయి.
ఇరవై మూడు దగ్గర ముక్కు వంగింది.
ఆ తర్వాత కొలనులో
రెండు తలలు, ఒక తెడ్డు,
మెల్లగా అలుక్కుపోతున్న "మెల్లగా".

గోడ అందుకున్నవి నాలుగే. మాది కాదు.

తెల్లారి ఖాజాపీర్ మామ ఒకటే అడిగాడు:
"నోరు యాడ తెరిచింది?"
పెట్టెని పట్టుకుని ఎత్తే రంధ్రం దగ్గర, అన్నాను.
దానికి ఒక పొరే వేశాం, మర్చిపోయాం.
ఆయన తలూపాడు.
"చేతులు పెట్టే చోటు. అందరూ ఆడనే మర్చిపోతారు"
అని మళ్ళీ టేపు లాగడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం రాజోలు నుంచి వచ్చిన సత్యవేణి గారు,
ఏదో ఇంట్లో వంటచేసే ఆవిడ,
రెండేళ్ళు కూడబెట్టిన పెట్టెని కాటా మీదికి నెట్టారు.
ముల్లు ఊగి, ఆగింది.
నాన్న అలవాటుగా గోడ వైపు తిరిగాడు.
నేను ఆవిడ ముఖం చూశాను.
ఆవిడ నన్నే చూస్తున్నారు.
"ఎంత ఎక్కువమ్మా?"
"మూడు" అన్నాను,
ఆవిడ పక్కన నేలమీద కూర్చుంటూ.