పురుగు తిన్న చోట

పట్నంబజారులో, మేడమెట్ల కింద నా కొట్టు.
ఉడికించిన మైదా జిగురులో
మైలుతుత్తం ఎంత కలపాలో మా నాయన నేర్పాడు.
ఎందుకు కలపాలో చెప్పింది మాత్రం
నల్లపాడు రోడ్డు మఠంలోని రాయప్ప స్వాములోరు.

మొదటిసారి వచ్చినప్పుడు
కాఫీపొడి రంగు అంగీ, నడుముకు మూడు ముడుల తాడు,
చంకలో గోనెపట్టా చుట్టిన తాటాకుల కట్ట.
ఎవరో నాటువైద్యుడి ఇంట్లో పొయ్యిలోకి పోతుంటే
రెండు కుంచాల బియ్యమిచ్చి తెచ్చుకున్నారట.
"మస్తానూ, దీనికి అట్ట వెయ్యగలవా?"
తాటాకుకి అట్టేంటి సామీ, అన్నాను.
నవ్వబోయి తుమ్మారు.
మార్చి నెల. ఊరంతా మిరపకాయ ఘాటు.

ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు
నెలకోసారి ఆ గదికి వెళ్ళాను.
కిటికీ దగ్గర మైక్రోస్కోపు, దాని పక్కన గాజుసీసా,
సీసాలో వెండిపొలుసుల పురుగులు.
వాటికి రోజూ గోరంత కాగితం మేత,
ఎంత తిన్నాయో లెక్క.
చంపరా సామీ, అంటే
"కొలవడం ఇంకా అయిపోలేదు" అనేవారు.

నిమ్మగడ్డి నూనెలో దూది ముంచి
పసిబిడ్డ చెవి వెనక తుడిచినట్టు ఒక్కో ఆకూ తుడిచేవారు.
మసి పూస్తే గంటం గీతల్లోంచి అక్షరాలు లేచేవి:
జ్వరాలు, కషాయాలు, తేలుకాట్లు,
మధ్యలో ఎవరో తీర్చని మూడు రూకల అప్పు.
అన్నీ ఎత్తి రాసేవారు, అప్పుతో సహా.
పురుగు తిన్న చోట చుక్కలు.
ఎన్ని అక్షరాలు పట్టేంత చిల్లో అన్ని చుక్కలు.

ఒకసారి నేనే తొందరపడ్డాను.
"నేల అని ఉంది, ఆపైన చిల్లు.
జ్వరం మందు కదా, నేలవేమే. రాసెయ్యండి."
"నేలవుసిరి అయితే?
నేలములక అయితే?
తాగేది నువ్వు కాదుగా."

ఆ మూడు ముడులూ దేవుడికిచ్చిన మూడు మాటలట.
పేదరికం నా కళ్ళతో చూశాను,
తెగిన చెప్పు నా దబ్బనంతోనే కుట్టించుకున్నారు.
బ్రహ్మచర్యం సంగతి నాకెందుకు.
విధేయత దగ్గరే కాస్త తేడా.
గది ఖాళీ చెయ్యమని పెద్దస్వాములు మూడు ఉత్తరాలు రాస్తే
మూడింటికీ నంబర్లు వేసి
నా చేత బైండు చేయించారు.

పెరట్లో రాగి వానపాత్ర.
ఉదయం ఎనిమిదిన్నరకి, పూజ అయినా కాకపోయినా, కొలత.
వాన లేని రోజు సున్నా.
గుంటూరులో సున్నాలకేం కరువు!
మే నెల పేజీలు కుడుతుంటే
పూసలు గుచ్చుతున్నట్టే ఉండేది.

డెబ్భై ఏడు తుఫాను మర్నాడు
ఊళ్ళో తలా ఒక అంకె చెప్పారు.
ఆయన పుస్తకంలో ఆ గడిలో ఇంతే:
'పాత్ర పొంగింది. ఎంతో తెలియదు.'
కింద, వేరే సిరాతో,
'నేను భయపడ్డాను.'
అది కొలత కాదని కొట్టెయ్యలేదు.

ఆయన పోయిన వారానికి
మఠంలో కుర్ర బ్రదరు నన్ను పిలిపించాడు.
సమాధి రాయికి పుట్టిన తేదీ కావాలి.
కుట్లు వదిలేసిన బాప్తిస్మం రిజిస్టరు
నా ముందు పెట్టాడు.
రాయప్ప. తండ్రి చిన్నపరెడ్డి. తల్లి మరియమ్మ.
ఏడాది చివరి అంకె సగమే మిగిలింది,
మూడు కావచ్చు, ఎనిమిది కావచ్చు.
"ఏదో ఒకటి చెప్పు మస్తాన్ భాయ్, ఎవరు చూడొచ్చారు?"
చుక్క పెట్టించమన్నాను.
రాయి చెక్కేవాడు నన్ను ఎగాదిగా చూసి
చుక్కకి కూడా అక్షరం కూలే తీసుకున్నాడు.

తాటాకులు పెట్టెల్లో హైదరాబాదు వెళ్ళాయి.
పురుగుల సీసా ఎవరు పారబోశారో తెలియదు.
వానపాత్ర ఎవరికీ అక్కర్లేక అక్కడే ఉంది.

ఇవాళ పొద్దున అటుగా వెళ్ళాను.
రాత్రి జల్లు పడింది.
ఎనిమిదిన్నరకి ఇంకా పది నిమిషాలుంటే
గోడ పక్కన నిలబడ్డాను.
పద్నాలుగు మిల్లీమీటర్లు.

రాసే పుస్తకం లేదు.
కొట్టుకొచ్చి, ఎవరో మిర్చి కమీషనుదారు చిట్టాపుస్తకానికి
లోపలి కాగితం అంటించే ముందు
అట్ట మీద తేదీ వేసి రాశాను.
మైలుతుత్తం కాస్త ఎక్కువే కలిపాను.